చిలుకూరు బాలాజీకి 108 చుట్లు: లెక్క తప్పకుండా

చిలుకూరులో ఆనవాయితీ తెలిసిందే. కోరిక చెప్పుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, అది తీరాక మళ్లీ వచ్చి 108. పదకొండైతే వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. ఇబ్బందంతా నూట ఎనిమిదితోనే.

1 నుంచి 108 దాకా అంకెలు అచ్చేసిన కార్డు గుడి దగ్గర దొరుకుతుంది. పెన్ను మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోండి, అక్కడ అడిగి తీసుకోవడం కష్టం. మొదలుపెట్టే చోటు ఒకటి గుర్తు పెట్టుకోండి, ధ్వజస్తంభమైతే మేలు. చుట్టు పూర్తయి అక్కడికి చేరాకే అంకె కొట్టేయాలి. చాలామంది బయల్దేరేటప్పుడే కొట్టేస్తారు, మధ్యలో మాటల్లో పడి అదే చుట్టుకి ఇంకోసారి కొడతారు. అలా చివరికి రెండు మూడు తగ్గుతాయి. కొట్టామా లేదా అని అనుమానం వస్తే కొట్టేశామనే అనుకోండి. ఒక చుట్టు ఎక్కువైతే తప్పేం లేదు.

పరుగులాంటి నడక వద్దు. మొదటి ముప్పై తేలిగ్గా అయిపోతాయి, డెబ్బై దాటాక పిక్కలు పట్టేస్తాయి. పెద్దవాళ్లను, పిల్లల్ని తోసుకుంటూ వెళ్లే ప్రదక్షిణకు అర్థమే లేదు కదా! చీర కుచ్చిళ్లు, పంచె అంచు కాస్త పైకి కట్టుకోండి, వెనకవాళ్లు తొక్కుతారు.

శుక్ర, శని, ఆదివారాలు జనం కిక్కిరిసి ఉంటారు. 108 ఉంటే మంగళ, బుధవారాల్లో తెల్లవారే వెళ్లండి. ఎండాకాలం పొద్దెక్కితే నేల కాలి అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. ఇక్కడ హుండీ లేదు, టికెట్ దర్శనమూ లేదు. అందరిదీ ఒకటే వరుస.