కుక్క ఉన్న ఇంట్లో నేలకి కోటింగా? మృగశిర రాకముందే ఇవి చూసుకోండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. బెజవాడలో వరండాలకి, పోర్టికోలకి కోటింగ్ వేయించాలంటే ఆ ఎండలే మంచివి. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది, ఆ తర్వాత నేల సరిగా ఆరదు. ఈ కోటింగ్‌కి వాడే ఎపాక్సీ (రెజిన్, హార్డెనర్ రెండూ కలిపి వేసే పూత) పూర్తిగా గట్టిపడటానికి మామూలుగా ఏడు రోజులు పడుతుంది. అంటే మే నెలాఖరుకే పని అయిపోవాలి.

పెయింటర్‌ని పిలిచే ముందు నేలలో చెమ్మ ఉందేమో చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు నిలిచిన సింగ్‌నగర్ లాంటి చోట్ల గ్రౌండ్ ఫ్లోర్ పైకి పొడిగా కనిపించినా నమ్మొద్దు. రెండడుగుల పాలిథిన్ షీటు పరిచి, నాలుగు అంచులూ టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. తీసి చూస్తే లోపల నీటి బొట్లున్నా, సిమెంటు నల్లబడినా కోటింగ్ వాయిదా వేయాల్సిందే. కిందనుంచి చెమ్మ తోస్తుంటే ఎపాక్సీ బుడగలొచ్చి పెచ్చులూడుతుంది. మా సిట్‌అవుట్‌లో అదే జరిగింది. పెచ్చు అంచు గోరుకి దొరికిందంటే కుక్క ఊరుకుంటుందా? గీకి గీకి లాగేసింది. అరచేయంత ముక్క దాని నోట్లోంచి లాగాక, ఇంకెంత మింగిందోనని రాత్రంతా టెన్షన్.

తర్వాతది జారుడు. షాపులో అద్దంలా మెరిసే శాంపిల్ చూసి మురిసిపోకండి. కాలింగ్ బెల్ మోగగానే పరుగెత్తే కుక్కకి ఆ మెరుపు మీద వెనక కాళ్లు రెండు పక్కలకీ విడిపోతాయి. తుంటి సమస్యలు ఎక్కువగా వచ్చే ల్యాబ్రడార్లకి, ముసలి కుక్కలకి ఇది మరీ ప్రమాదం. కోటు తడిగా ఉండగానే సన్నటి క్వార్ట్జ్ ఇసుక గానీ అల్యూమినియం ఆక్సైడ్ పొడి గానీ చల్లించి, పైన పీయూ, అంటే పాలీయూరిథేన్ కోటు వేయమనండి. ఉత్త ఎపాక్సీ ఎండకి పసుపెక్కుతుంది, గోళ్ల గీతలు కూడా త్వరగా పడతాయి. పోర్టికోకి ఎండకి తట్టుకునే రకం పీయూ కావాలని ప్రత్యేకంగా అడగండి. అలాగని ఇసుక ముతకగా ఉంటే పాదాలు ఒరుసుకుపోతాయి, బురద పట్టుకుని మాప్‌కి రాదు. ముందు ఓ మూల రెండడుగుల మేర వేయించండి. గట్టిపడ్డాక బకెట్ నీళ్లు పోసి చెప్పుల్లేకుండా నడవండి, తర్వాత కుక్కని నడిపించండి. అది గోళ్లు బిగించి, కాళ్లు వంచి నడుస్తోందంటే ఇంకాస్త గరుకు కావాలి.

ఈ ఎండకి కలిపిన ఎపాక్సీ డబ్బాలోనే వేడెక్కి గట్టిపడిపోతుంది. కొంచెం కొంచెంగా కలిపించి, సాయంత్రం నేల చల్లబడుతున్నప్పుడు వేయించండి. పొద్దున వేస్తే నేల వేడెక్కేకొద్దీ లోపలి గాలి పైకొచ్చి చిన్న చిన్న బొక్కలు పడతాయి. మర్నాడు మనం నడవొచ్చు గానీ, కుక్కని మాత్రం వారం పాటు అటు రానివ్వొద్దు.

నున్నటి విట్రిఫైడ్ టైల్స్ మీద గ్రైండింగ్ చేయకుండా కోటింగ్ పట్టదు. అక్కడ అడుగున రబ్బరున్న మ్యాట్లు వేసుకోవడమే నయం. కుక్క పాదాల మధ్య పెరిగిన వెంట్రుకలు కత్తిరించండి, సగం జారుడు వాటివల్లే. మూత్రం పోస్తే వెంటనే తుడిచేయండి. మార్బుల్ మీదైతే యాసిడ్ అస్సలు వాడొద్దు, మచ్చ పోదు సరికదా రాయి తినేస్తుంది. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఫినాయిల్ మానేయండి. అందులోని ఫినాల్ రకం రసాయనాలు పిల్లి ఒంటికి విషం, తడి నేల మీద నడిచి పాదాలు నాకినా చాలు.