వంటిల్లు, డైనింగ్ చుట్టూ కింది అంతస్తు సర్దుబాటు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

200 గజాల స్థలం, 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు, తూర్పు ముఖం. మన ఊళ్ళలో ఇలాంటి ఇళ్ళు వీధికి నాలుగైదు ఉంటాయి. వంటిల్లు ఆగ్నేయంలోనే పెడతాం కాబట్టి తూర్పు, దక్షిణం ముఖాల ఇళ్ళలో అది ముందు వైపు, వీధి పక్కకి వస్తుంది. పడమర, ఉత్తరం ముఖాలైతే వెనక పెరటి వైపు పోతుంది. డైనింగ్ మాత్రం ఏ ముఖమైనా దాదాపు ఇంటి మధ్యలోనే పడుతుంది. కింది అంతస్తులో వచ్చే ఇబ్బందులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

"వంటిల్లు చిన్నదైపోయింది, గోడ తీసేద్దాం" అనే మాట తరచూ వింటాం. నా అభిప్రాయంలో చాలా ఇళ్ళలో తక్కువైంది స్థలం కాదు. తలుపులు ఉండకూడని చోట ఉన్నాయి, అంతే. అందుకే ఖర్చు తక్కువయ్యే మార్పులు ముందు చెప్పి, గోడల సంగతి చివర్లో పెడుతున్నాను.

ముందుగా టేపు పట్టుకుని కింది అంతస్తు కొలతలు ఒక కాగితం మీద వేసుకోండి. తలుపులు ఎటు తెరుచుకుంటాయి, పిల్లర్లు ఎక్కడున్నాయి, స్విచ్‌బోర్డులు, డ్రైనేజీ ఛాంబరు ఎక్కడ అన్నవి గుర్తు పెట్టుకోండి. ఉదయం టిఫిన్ల వేళ ఎవరు ఎటు నడుస్తున్నారో గమనించి ఆ దారులు కూడా గీతలుగా గీయండి. గీతలన్నీ ఒకదాన్నొకటి ఎక్కడ దాటుతున్నాయో అక్కడే అసలు చిక్కు ఉంటుంది.

సమస్య 1: భోజనం చేస్తున్నవాళ్ళు ఎవరో ఒకరికి దారి ఇవ్వడానికి లేవాల్సి వస్తోంది

కారణం: డైనింగ్ గదిలోకి తెరుచుకునే తలుపులు లెక్కపెట్టండి. హాలు, వంటిల్లు, పడకగది, పూజగది, బాత్రూం, మెట్లు. పేరుకి అది డైనింగ్ గది, వాడకంలో నడవా. పైగా టేబుల్‌ని అలవాటుగా ఫ్యాన్ కిందికి, సరిగ్గా మధ్యలోకి లాగుతాం. దాంతో దారి రెండు వైపులా చీలి, ఎటూ చాలకుండా పోతుంది.

పరిష్కారం: కొంచెం లెక్క చూద్దాం. టేబుల్ వెడల్పు 3 అడుగులు. కుర్చీ వెనక్కి లాగి కూర్చోడానికి ఒక్కో వైపు రెండున్నర అడుగులు. మొత్తం 8. మనిషి నడవడానికి మరో 3. అంటే గది 11 అడుగులు ఉండాలి. మన డైనింగులు చాలావరకు 10 అడుగులే. అదే టేబుల్‌ని గోడ వైపు జరిపి, ఆ వైపు కుర్చీలకు బదులు అడుగున్నర వెడల్పు బల్ల వేస్తే? అడుగున్నర, మూడు, రెండున్నర కలిపి 7. దారి 3 కలిపితే 10. ఒక్క ఇటుక కదలకుండా సరిపోయింది. బల్ల కింద అరలు చేయిస్తే బియ్యం బస్తా, పచ్చడి జాడీలు కూడా అందులోనే పడతాయి.

ఫ్యాను మధ్యలోనే ఉండిపోయిందని బాధపడకండి. గోడ ఫ్యాను ఒకటి పెట్టుకుంటే చాలు. ఆ తర్వాత కూడా ఇరుకనిపిస్తే రెండో మెట్టు: ఏ రెండు తలుపులు ఎదురెదురుగా ఉండి గదిని అడ్డంగా కోస్తున్నాయో చూసి, వాటిలో ఒకదాన్ని మూలకి జరపండి. బాత్రూం తలుపు డైనింగ్‌లోకి తెరుచుకుంటుంటే మొదట జరపాల్సింది అదే. అన్నం తినేచోటికి ఎదురుగా బాత్రూం తలుపు ఉంటే ఇంటికొచ్చిన వియ్యాలవారి ముందు ఎంత ఇబ్బందో వేరే చెప్పాలా!

సమస్య 2: పోపు పెడితే ఘాటు హాలు దాకా, పడకగది దాకా వస్తోంది

కారణం: పొగ పోవడానికి దారి ఉంది కానీ గాలి లోపలికి రావడానికి సరైన దారి లేదు. లేదా గాలి తప్పు వైపు నుంచి వస్తోంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ళలో మధ్యాహ్నం సముద్రం గాలి ఎక్కువగా తూర్పు, ఆగ్నేయం వైపు నుంచి కొడుతుంది. ఆగ్నేయం వంటింటికి తూర్పు కిటికీ ఉంటే ఆ గాలి నేరుగా స్టవ్ మీదుగా వచ్చి ఘాటునంతా ఇంట్లోకి తోస్తుంది. హైదరాబాద్ వైపు వానాకాలంలో పడమటి గాలి వీస్తుంది కాబట్టి అదే ఆగ్నేయం వంటిల్లు గాలి బయటికి పోయే వైపు ఉంటుంది. వాస్తు లెక్క ఒక్కటే అయినా ఊరు మారితే గాలి లెక్క మారిపోతుంది.

మీ ఇంట్లో సంగతి తేల్చుకోడానికి అగరబత్తి చాలు. వంట చేసే వేళకి వెలిగించి స్టవ్ దగ్గర పట్టుకోండి. పొగ ఎటు వంగుతుందో చూడండి. తర్వాత ఒక్కో కిటికీ, తలుపు మూసి మళ్ళీ చూడండి.

పరిష్కారం: పొగ ఇంట్లోకి వంగితే స్టవ్ మండే వేళ గాలికి ఎదురున్న కిటికీ మూసి, ఎగ్జాస్ట్ ఫ్యానుని వేరే గోడకి, తీరం వైపు ఇళ్ళలో దక్షిణం గోడకి మార్చండి. ఫ్యాను స్టవ్‌కి దగ్గరగా, పైకప్పుకి దిగువన ఉండాలి. ఫ్యాను పక్కనే కిటికీ తెరిచి ఉంచితే అది బయటి గాలినే లాగి బయటికే పంపుతుంది, పొగ మాత్రం అలాగే ఉండిపోతుంది. గాలి ఎదుటి వైపు నుంచి, తలుపు కింద సందు నుంచో దూరపు కిటికీ నుంచో రావాలి.

చిమ్నీ ఉన్నా ఘాటు పోవడం లేదంటే గొట్టం చూడండి. స్టవ్‌కి చిమ్నీ అడుగుకి మధ్య 26 నుంచి 30 అంగుళాలు ఉండాలి. 6 అంగుళాల గొట్టాన్ని గోడలో పాత చిన్న కన్నంలోంచి పంపడానికి సన్నం చేసి ఉంటే, రెండు మూడు వంపులు తిప్పి ఉంటే, ఎంత ఖరీదైన చిమ్నీ అయినా పొగ లాగలేదు. కన్నం పెద్దది చేయించడమే మందు.

ఓపెన్ కిచెన్ గురించి ఒక మాట. రోజూ తిరగమోత, వారానికోసారి చేపల పులుసు, పండక్కి అరిసెలు ఉండే ఇంట్లో వంటింటి గోడ మొత్తం తీసేయడం నాకు ఇష్టం లేదు. కావాలంటే నడుము ఎత్తు దాకా గోడ ఉంచి, పైన జరిపే అద్దాల తలుపులు పెట్టుకోండి. వంట చేసే అమ్మకి హాల్లో పిల్లలు కనిపిస్తారు, వేపుడు వేళకి మూసుకోవచ్చు.

సమస్య 3: గ్యాస్ బండ పెట్టే చోటు కుదరడం లేదు

కొత్త ప్లాన్‌లో స్టవ్ జరిగితే బండా జరగాలి. రబ్బరు ట్యూబు ఒకటిన్నర మీటరు మించకూడదు, గోడలోంచి పోకూడదు, ఐదేళ్ళకోసారి మార్చాలి. బండ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి, స్టవ్ బండకన్నా ఎత్తులో ఉండాలి. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేల మీద పేరుకుంటుంది. కాబట్టి బండ పెట్టిన అరకి అడుగున కన్నాలు తప్పనిసరి. పైపు గ్యాస్ ఉన్న ఇంట్లో అది తేలిక గ్యాస్, పైకి పోతుంది కాబట్టి వెంటిలేటరు పైన ఉండాలి. బండని బయట సందులో పెట్టి రాగి గొట్టంతో తెచ్చుకోవాలనుకుంటే ఆ పని గ్యాస్ ఏజెన్సీ ద్వారానే చేయించండి. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవాలని చూడొద్దు.

సమస్య 4: వంట ముగిసేసరికి కాళ్ళు, నడుము పీకేస్తున్నాయి

కారణాలు రెండు. ఒకటి, ఫ్రిజ్ డైనింగ్‌లో, సింకు ఒక మూల, స్టవ్ ఇంకో మూల ఉండడం. ఫ్రిజ్‌ని వంటింటి గుమ్మం పక్కకి తెండి. నీళ్ళ కోసం వచ్చే పిల్లలు స్టవ్ దాకా రారు, వంట చేసేవాళ్ళకీ చేతికి అందుతుంది. వాస్తు ప్రకారం స్టవ్‌ని, సింకుని ఎలాగూ దూరంగా ఉంచుతాం. వాటి మధ్య కూరగాయలు తరగడానికి కనీసం రెండు మూడు అడుగుల ఖాళీ గట్టు మిగిలితే ఆ దూరం పనికొచ్చేదే అవుతుంది.

రెండోది గట్టు ఎత్తు. మేస్త్రీ అలవాటుగా కట్టేసిన ఎత్తు ఇంట్లోవాళ్ళకి కుదరకపోవచ్చు. రోజూ వంట చేసే మనిషి నిలబడి మోచెయ్యి వంచితే, నేల నుంచి మోచేతి దాకా ఎంత ఉందో కొలిచి అందులో 4 అంగుళాలు తగ్గించండి. స్టవ్ ఉండేచోట ఇంకో 3, 4 అంగుళాలు తగ్గిస్తే పెద్ద గిన్నెలో కలపడానికి భుజాలు ఎత్తాల్సిన పని ఉండదు.

సమస్య 5: పగలు కూడా డైనింగ్‌లో లైటు వేయాలి

పై అంతస్తు ఉంటే కప్పులోంచి వెలుగు రాదు. అలాంటప్పుడు మెట్లే దిక్కు. మేడ మీద మెట్ల గదికి రెండు వైపులా అద్దాల కిటికీలు పెడితే వెలుగు మెట్ల మీదుగా కిందికి దిగుతుంది, వేడి గాలి పైకి పోతుంది. మెట్ల పక్కన నిండు గోడ ఉంటే, అది బరువు మొయ్యనిదైతేనే, దాని చోట కమ్మీలు పెట్టించండి. లింటెల్‌కీ (తలుపు, కిటికీల పైన వేసే అడ్డ దిమ్మె) బీముకీ మధ్య ఖాళీలో వెంటిలేటర్లు పెట్టడం మరో దారి. పక్క సందులో మీ ప్రహరీ లోపలి వైపు తెల్ల సున్నం వేయించండి, కిటికీలోంచి వచ్చే వెలుగులో తేడా తెలుస్తుంది.

సమస్య 6: సింకు నీళ్ళు పోవడం లేదు, వాసన వస్తోంది

సింకుని కొత్త చోటికి మార్చిన ఇళ్ళలో ఇది ఎక్కువ. గొట్టానికి అడుగుకి పావు అంగుళం వాలు కావాలి. 12 అడుగులు పోవాలంటే 3 అంగుళాలు దిగాలి. కింది అంతస్తులో ఒక సుఖం ఉంది, నేల తవ్వి వాలు తెచ్చుకోవచ్చు. కానీ ముందు బయట ఛాంబరు లోతు కొలవండి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో పాత ఇళ్ళు చాలావరకు పల్లంలో పడ్డాయి. వానాకాలంలో కాలువ నీళ్ళు వెనక్కి తన్నే ఇంట్లో సింకుని ఇంకా లోపలికి జరపడం మంచిది కాదు.

వాడని నహానీ ట్రాపులో (నేల మీది జాలీ కింద నీళ్ళు నిలిచే గిన్నె) నీళ్ళు ఎండిపోతే వాసన, బొద్దింకలు వస్తాయి. వారానికోసారి చెంబుడు నీళ్ళు పోస్తే చాలు. నేల తవ్వినచోట మాత్రం మూసేముందు చెదల మందు మళ్ళీ కొట్టించాలి. పునాదిలో వేసిన పాత మందు పొర తవ్వకంతో తెగిపోతుంది, పైన పెట్టేవి చెక్క కప్‌బోర్డులు.

సమస్య 7: ఇవన్నీ చేసినా చాలడం లేదు, గోడ తీయాలి

మేస్త్రీ గోడ తట్టి చూసి "ఏం పర్లేదండి" అంటే నమ్మి మొదలుపెట్టకండి. పిల్లర్లు, బీములు ఉన్న ఇంట్లో స్లాబు బరువు వాటి మీద ఉంటుంది, 9 అంగుళాల గోడ కూడా చాలాచోట్ల అడ్డుగోడే. పిల్లర్లు లేని పాత ఇంట్లో ఆ గోడే స్లాబుని మోస్తుంది. నాలుగున్నర అంగుళాల గోడ కాబట్టి భయం లేదనుకోవడం కూడా తొందరపాటే. పై అంతస్తులో సరిగ్గా దాని మీద బాత్రూం గోడ లేచి ఉందేమో, అటక దాని మీద ఆని ఉందేమో చూడాలి. స్ట్రక్చరల్ ఇంజినీరుని ఇంటికి పిలిచి చూపించండి. ఆయన ఫీజు మొత్తం ఖర్చులో చిన్న భాగమే.

బరువు మోసే గోడైతే మొత్తం తీయకుండా ద్వారం వెడల్పు చేయడంతో ఆగవచ్చు. ఇంజినీరు చెప్పిన సైజు లింటెల్ రెండు వైపులా కనీసం 6 నుంచి 8 అంగుళాలు గోడ మీద కూర్చోవాలి. స్లాబు కింద ఆసరాగా జాకీలు పెట్టకుండా ఒక్క ఇటుక కూడా తీయనివ్వకండి. రెండు ద్వారాల మధ్య సన్నటి గోడ ముక్క మిగిలేలా ఎప్పుడూ కొట్టొద్దు.

వాస్తు చూసేవారిని కాగితం మీద ప్లాన్ ఉన్నప్పుడే పిలవండి. టైల్స్ వేశాక ఆయన వచ్చి గట్టు మార్చమంటే ఇంట్లో మొదలయ్యే టెన్షన్ అంతా ఇంతా కాదు. ఆగ్నేయం కుదరని ఇంటికి వాయవ్యం పనికొస్తుందని చాలామంది ఒప్పుకుంటారు, ఆ వీలు ముందే అడిగి పెట్టుకోండి.

పని మొదలయ్యాక వరస ఇది: గోడ, ద్వారం పనులు, తర్వాత డ్రైనేజీ గొట్టాలు, వైరింగు, ఆపైన టైల్స్, చివర్లో చెక్కపని. గొట్టాలు మూసేముందు బకెట్లతో నీళ్ళు పోసి ఛాంబరు దగ్గర నిలబడి చూడండి. ఒవెన్, ఇండక్షన్ పెట్టేచోట 16 ఆంపియర్ల ప్లగ్గులు, వాటికి విడి వైరు టైల్స్‌కి ముందే వేయించాలి. ఈ రోజులన్నీ వంట ఎక్కడో ఒకచోట సాగాలి కాబట్టి సింకు, నీళ్ళు ఉన్న యుటిలిటీని (గిన్నెలు, బట్టలు కడుక్కునే చోటు) చివరి దాకా కదపకుండా ఉంచండి.