కారు అద్దాలకి ఫిల్మ్ వేయించే ముందు ఈ లెక్క చూసుకోండి

ఎండలు మొదలయ్యాయంటే చాలు అద్దాలకి ఎండ తగ్గించే రంగు ఫిల్మ్ అంటించుకోడానికి యాక్సెసరీస్ షాపుల ముందు కార్లు బారులు తీరతాయి, షాపులో అడిగితే "ఇది ఆర్టీవో అప్రూవ్డ్ సార్, ఏం కాదు" అంటారు, ఆ మాట మాత్రం నమ్మి డబ్బులు కట్టకండి, చలానా వచ్చేది మీ బండి నంబరు మీద.

అసలు రూల్ ఏంటంటే, 1989 సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో రూల్ 100. ముందు అద్దం, వెనక అద్దం లోంచి కనీసం 70 శాతం వెలుతురు రావాలి, పక్క అద్దాల్లోంచి 50 శాతం. దీన్నే వీఎల్‌టీ అంటారు. కంపెనీ నుంచే లేత రంగుతో వచ్చే అద్దాలు ఈ లెక్కలోపే ఉంటాయి, వాటితో గొడవ లేదు. కానీ 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అవిషేక్ గోయెంకా కేసులో, అద్దం మీద మనం తర్వాత అంటించే ఫిల్మ్ ఎంత శాతమైనా సరే కుదరదని చెప్పేసింది. జెడ్, జెడ్ ప్లస్ సెక్యూరిటీ ఉన్నవాళ్ళకి తప్ప మినహాయింపు లేదు.

మరి ఇప్పుడు వేయించుకోవచ్చంటున్నారే అంటే, 2021 ఏప్రిల్ 1 నుంచి రూల్ 100లో సేఫ్టీ గ్లాస్‌తో పాటు సేఫ్టీ గ్లేజింగ్ కూడా చేర్చారు, అంటే లోపలివైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం కూడా ఓకే అని, దాన్ని పట్టుకుని 2024 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు 70, 50 లెక్క తప్పనంతవరకు ఫిల్మ్ వేసుకోవచ్చంది. అయితే అది కేరళ కోర్టు, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రోడ్డు మీద ఆపిన పోలీసుతో ఆ తీర్పు చూపించి వాదిస్తే పని అవుతుందని నేనైతే అనుకోను.

ఇక అందరూ తప్పే చోటు ఇదే, ఫిల్మ్ ప్యాకెట్ మీద 70 అని ఉంటే సరిపోదు. అద్దానికీ సొంత వీఎల్‌టీ ఉంటుంది. మీ అద్దం 75 అనుకోండి, దాని మీద 70 ఫిల్మ్ వేస్తే మొత్తం 52.5 అవుతుంది, పక్క అద్దాలకి బొటాబొటిగా సరిపోతుంది కానీ ముందు అద్దానికి పనికిరాదు. అదే అద్దం మీద 90 ఫిల్మ్ వేసినా 67.5 దగ్గర ఆగిపోతుంది! అందుకే ముందు అద్దం జోలికి అసలు వెళ్ళకండి. పక్క అద్దాలకైనా వేయించేముందు ఖాళీ అద్దాన్ని, వేశాక ఫిల్మ్‌తో సహా మీటర్ పెట్టి చూపించమనండి, మీటర్ లేని షాపయితే వెళ్ళిపోండి.

దొరికితే మోటార్ వెహికల్స్ చట్టం సెక్షన్ 177 కింద మొదటిసారి 500 దాకా, తర్వాత 1500 దాకా, పైగా అక్కడికక్కడే ఫిల్మ్ పీకించేస్తారు. డబ్బుల సంగతి అటుంచండి, వర్షంలో రాత్రిపూట పక్కనుంచి రోడ్డు దాటే మనిషి నల్ల అద్దంలోంచి కనపడడు, నాకు అదే ఎక్కువ భయం.

ఎండకి పార్కింగ్‌లో సన్‌షేడ్ పెట్టుకోండి, బండి తీసేటప్పుడు తీసేయండి. ఎక్కగానే రెండు నిమిషాలు అద్దాలు దించి వేడిగాలి పోయాక ఏసీ వేయండి.

సెకండ్ హ్యాండ్ కారు కొంటే పాత ఫిల్మ్ ముందే తీయించండి, హీట్ గన్‌తో వేడిచేసి మెల్లగా లాగితే వస్తుంది, మిగిలిన జిగురు సబ్బునీళ్ళతో తుడవాలి. వెనక అద్దానికి మాత్రం బ్లేడ్ తగలనివ్వకండి, మంచు పోగొట్టడానికి అద్దాన్ని వేడిచేసే సన్నని డీఫాగర్ గీతలు తెగితే మంచు పట్టినప్పుడు అద్దం క్లియర్ కాదు.