విదేశీ విహారానికి బయలుదేరే ముందు: ప్రాణం మీదికి రాకుండా

సెలవులకు వెళ్లినవారు హోటల్ గదిలో హఠాత్తుగా చనిపోతే అంతుచిక్కని రోగం అనుకుంటాం. కొన్నిసార్లు అది రోగం కాదు, విషం.

• బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం బట్టలకంటే ముందు సర్దుకోండి. ఈ వాయువుకు రంగూ వాసనా ఉండవు. 2022 మేలో బహమాస్‌లోని ఒక రిసార్టులో ముగ్గురు అమెరికన్ పర్యాటకులను బలిగొన్నది ఇదే. గదిలోని ఇద్దరికీ ఒకేసారి తలనొప్పి, వికారం మొదలైతే తిన్నది పడలేదని సరిపెట్టుకుని పడుకోవద్దు. వెంటనే ఆరుబయటికి రండి. కారణాలు తర్వాత వెతకవచ్చు.

• పక్క గదుల్లో నల్లులమందు పెట్టారేమో గదిలో దిగే ముందే అడగండి. అలాంటి మందుగా కొన్నిచోట్ల వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్‌కు తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. వెల్లుల్లి వాసనో కుళ్లిన చేపల వాసనో వస్తే గదిలో ఉండవద్దు. వాసన లేనంత మాత్రాన నిశ్చింత కూడా వద్దు.

• ఊరికే పోసే మద్యం ముట్టవద్దని వెంట వచ్చేవారికీ చెప్పండి. 2024 నవంబరులో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో మిథనాల్ అనే విషపూరిత ఆల్కహాల్ కలిసిన మద్యం తాగారన్న అనుమానం మధ్య ఆరుగురు విదేశీయులు చనిపోయారు. లక్షణాలు బయటపడటానికి 12 నుంచి 24 గంటలు పట్టవచ్చు. చూపు మసకబారితే అది నిషా కాదు. ఫోమెపిజోల్ అనే విరుగుడు మందు, డయాలసిస్ వంటి చికిత్స ఉంది, కానీ అందులో ప్రతి గంటా విలువైనదే.

• ఆ దేశపు అత్యవసర నంబరు, బీమా పత్రం కాగితంపై ఉంచుకోండి.