రాత్రి వీఎఫ్‌ఆర్: దీపాలు మసకబారితే వెనక్కి తిరగండి

చలికాలం వస్తోంది. అమెరికాలో ఫ్లయింగ్ నేర్చుకుంటున్న మన పిల్లలకు రాత్రి వీఎఫ్‌ఆర్ (మబ్బులకు ఎడంగా, బయటికి కళ్లతో చూస్తూ విమానం నడపడం) కొత్త. ఇండియాలో ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) మినహాయింపు ఇస్తే తప్ప, సూర్యాస్తమయమైన 20 నిమిషాల తర్వాత వీఎఫ్‌ఆర్ కుదరదు. అమెరికాలో ప్రైవేట్ లైసెన్సు చాలు.

అక్కడి నిబంధనల అంకెలు మీకు తెలిసినవే. క్లాస్ బి (పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ ఉండే గగనతలం) సంగతి వదిలేస్తే, 10,000 అడుగుల లోపు 3 మైళ్ల విజిబిలిటీ ఉండాలి. మబ్బుకు కిందైతే 500, పైనైతే 1,000, పక్కనైతే 2,000 అడుగుల ఎడం. క్లాస్ జి (ఏటీసీ అదుపులో లేని గగనతలం) కింది భాగంలో పగలు సరిపోయే 1 మైలు రాత్రి విమానానికి సరిపోదు.

అంకెలన్నీ వచ్చినవాళ్లే చీకట్లో ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. నేల మీది దీపాలు మసకబారాక కూడా ‘ఇంకాస్త పోతే తేటపడుతుందిలే’ అని ముందుకు పోవడమే కారణం. లెక్క చూడండి. 120 నాట్ల వేగంతో 2,000 అడుగులు దాటడానికి 10 సెకన్లు. స్టాండర్డ్ రేట్‌లో (సెకనుకు 3 డిగ్రీల మలుపు) వెనక్కి తిరగడానికి పూర్తి నిమిషం, ఆ మలుపులో ముందుకు జరిగేది దాదాపు 3,900 అడుగులు. అంటే నిబంధన ఇచ్చిన ఎడంలో మలుపే పట్టదు. పైగా చీకట్లో ఆ ఎడం కొలిచేదెలా? మబ్బే కనపడదు.

1999 జులై 16న అమెరికా మాజీ అధ్యక్షుడు కెనడీ కొడుకు జాన్ ఎఫ్. కెనడీ జూనియర్ విమానం సముద్రంలో కూలింది మబ్బులో దూరి కాదు. చీకటి, పలచటి మసక, కింద నీళ్లు, కనపడని క్షితిజరేఖ. ఆయనకు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనపడకున్నా పరికరాలు చూసి నడిపే అర్హత) లేదు.

టెంపరేచర్‌కూ డ్యూ పాయింట్‌కూ (గాలిలో తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) తేడా 3 డిగ్రీల సెల్సియస్ లోపు ఉండి ఇంకా తగ్గుతుంటే బయల్దేరకండి.

పైనుంచి రన్‌వే స్పష్టంగా కనిపించిందని దిగకండి. పలచటి పొగమంచులోంచి నిట్టనిలువునా కనపడేది, ఫైనల్‌లో (రన్‌వేకు ఎదురుగా దిగే చివరి దశలో) ఏటవాలుగా చూస్తే మాయమవుతుంది.

దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తే తిరగండి. ముందున్న ఊరి దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నట్టుంటే తిరగండి.

మబ్బులో పడ్డారా, బయటికి చూడొద్దు. కళ్లు ఎటిట్యూడ్ ఇండికేటర్ (విమానం ఎటు ఒరిగిందో చూపే పరికరం) మీదే. ముందు రెక్కలు సమం, తర్వాతే మలుపు. బ్యాంక్ (పక్కకు ఒరగడం) 20 డిగ్రీలు దాటొద్దు. స్ట్రోబ్ (మెరిసే దీపం) ఆపేయండి. ఏటీసీకి చెప్పండి, సిగ్గుపడొద్దు.

స్పెషల్ వీఎఫ్‌ఆర్ (పై అంకెలకు తక్కువున్నా ఏటీసీ ఇచ్చే ప్రత్యేక అనుమతి) అడగొద్దు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లేనివాళ్లకు రాత్రి అది లేదు.

గమ్యం చేరాక మిగలాల్సిన ఇంధనం పగటి లెక్క 30 నిమిషాలు కాదు, 45. ఇంకా ఎక్కువుంటే వెనక్కి తిరగడానికి మనసొప్పుతుంది.