ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదివాక ఏ పని పట్టుకోవాలి?

డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో ఉద్యోగం పేరు బాగుంటే చాలు, అప్లై చేసేసేదాన్ని. మీరలా చేయకండి. ఆ పనిలో ఉన్నవాళ్లను పట్టుకుని ‘నిన్న పొద్దున్నుంచి ఏం చేశారు?’ అని అడగండి.

నేను మొదట చేరింది నీటి పరీక్షల ల్యాబ్‌లో. ఓపిక ఉన్నవాళ్ల పని అది. బీఓడీ పరీక్షనే తీసుకోండి, నీళ్లలోని మురికిని తినే సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో చెప్పేది. సీసాను 20 డిగ్రీల దగ్గర చీకట్లో 5 రోజులు ఉంచి, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఎంత తగ్గిందో చూడాలి. మంగళవారం మొదలుపెడితే రీడింగ్ ఆదివారం. సెలవు గోవిందా!

తర్వాత ఫీల్డ్‌కి మారాను. ఒకసారి లోహాల పరీక్షకని నది నీళ్లు పట్టి, నైట్రిక్ యాసిడ్ కలపడం మర్చిపోయాను. పీహెచ్ 2 కంటే తక్కువకు దించకపోతే లోహాలు సీసా గోడలకు అంటుకుంటాయి. ల్యాబ్ వాళ్లు శాంపిల్ తీసుకోలేదు, మళ్లీ నది దాకా వెళ్లాను. మీరు యాసిడ్, లేబుల్, తీసిన సమయం, శాంపిల్ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాసే కాగితం, ఈ నాలుగూ ముందే నేర్చుకుని వెళ్లండి. ఇంటర్వ్యూల్లో నన్ను అడిగినవి ఇవే. నా ప్రాజెక్టు టైటిల్ ఎవరికీ పట్టలేదు.

రాయడం వచ్చినవాళ్లకు పర్యావరణ ప్రభావ అంచనా పని ఉంది, అంటే ఒక ప్రాజెక్టు కడితే చుట్టుపక్కల పర్యావరణానికి ఏమవుతుందో ముందే అంచనా వేయడం. 1970లో అమలులోకి వచ్చిన అమెరికా చట్టంతో మొదలై, ఇప్పుడు చాలా దేశాల్లో తప్పనిసరైంది. మొక్కలవాళ్లు, శబ్దంవాళ్లు, భూగర్భజలాలవాళ్లు తలా ఒక ముక్క ఇస్తారు, మీరు వాటిని ఒక్క నివేదికగా కుట్టాలి. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. ఆ నివేదికకు డబ్బులిచ్చేది చాలాచోట్ల ప్రాజెక్టు కట్టేవాళ్లే. ‘ఆ వాక్యం తీసేయొచ్చుగా’ అని ఫోన్ వస్తుంది. కాదనే ధైర్యం లేకపోతే అటు వెళ్లకండి.

ఇప్పుడు నేను చేస్తున్నది కార్బన్ లెక్కలు, అంటే ఒక కంపెనీ వల్ల భూమిని వేడెక్కించే వాయువులు ఎన్ని వెలువడుతున్నాయో లెక్కగట్టడం. సొంత ఇంధనం స్కోప్ 1, కొన్న కరెంటు స్కోప్ 2. ఈ రెండూ బిల్లులు చూసి తేల్చేయొచ్చు. సరుకు ఇచ్చేవాళ్ల దగ్గర నుంచి వాడేవాళ్ల దాకా అంతా పడేది స్కోప్ 3లో, అసలు టెన్షన్ అక్కడే. పగలంతా ఎక్సెల్, సాయంత్రం వివరాల కోసం బతిమాలడం. ఈ లెక్కలకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 14064 చదివి వస్తే మొదటి నెల కాస్త తేలిక.

పరిశోధనకు పీహెచ్‌డీ కావాలి, ప్రభుత్వ ఉద్యోగాలకు ఎక్కువగా పరీక్షలుంటాయి. వాటి గురించి చెప్పేంత అనుభవం నాకు లేదు.

ఏ దారైనా సర్టిఫికెట్లు పోగేసే ముందు ఒక పని చేయండి. ల్యాండ్‌శాట్ అనే అమెరికా ఉపగ్రహాలు తీసిన ఫొటోలు 1972 నుంచి ఉన్నాయి, ఉచితం. మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ కూడా ఉచితమే. ఒక చెరువును ఎంచుకుని, 20 ఏళ్లలో అది ఎంత కుంచించుకుపోయిందో మ్యాప్ గీయండి. ప్రతి ఏడాదీ ఒకే నెల ఫొటో తీసుకోండి, లేదంటే వానాకాలాన్ని ఎండాకాలంతో పోల్చినట్టవుతుంది. ఇంటర్వ్యూలో అదే తెరిచి చూపించండి. మబ్బులున్న ఫొటోలను ఏం చేశారని అడుగుతారు, జవాబు సిద్ధంగా పెట్టుకోండి.