రెండు వందల ఏళ్ల నాటి అమెరికా కొట్టు పద్దులు చదవడం ఎలా

ముందుగా ఒక మాట. పేరు పక్కన ‘డీఆర్’ అని ఉంటే అది డాక్టర్ కాదు. మాసచూసెట్స్‌లో మేముండే చిన్న ఊళ్లో పాత కాగితాలు సర్దడానికి శనివారాలు వెళ్తుంటాను. అక్కడ 1820ల నాటి కిరాణా కొట్టు పుస్తకం ఒకటి దొరికితే ఫోటోలు తీసి తెచ్చుకున్నాను. మా ఆయన చూసి, “ఇంత పల్లెటూళ్లో ఇంతమంది డాక్టర్లా!” అన్నారు. డీఆర్ అంటే బాకీదారు. నేను బి.కామ్. చదివాను కాబట్టి నవ్వాను గానీ, రెండో పేజీకే నేనూ బోల్తా పడ్డాను. ఆ సంగతి తర్వాత చెప్తాను.

చేతిలో ఉన్నది చిట్టానా, ఆవర్జానా అన్నది మొదట తేల్చుకోండి. గుడివాడ దగ్గర మా తాతయ్య కొట్లో రెండూ ఉండేవి. ఇక్కడా అంతే. చిట్టాలో తేదీవారీగా, ఎవరు ముందొస్తే వాళ్ల పద్దు ముందు పడుతుంది. ఆవర్జాలో మనిషికో పేజీ. చిట్టా అంచున చిన్న అంకె కనిపిస్తే చాలావరకు అది ఆవర్జా పేజీ నంబరు. సరుకు తీసుకెళ్తే పద్దు ‘టు’తో మొదలవుతుంది, ఏదైనా తెచ్చి జమ చేస్తే ‘బై’తో. లెక్క తీరిపోతే పద్దు మీద అడ్డంగా గీతలు కొట్టేస్తారు.

చేతిరాతకి వారం రోజులు పడుతుంది, కంగారు పడకండి. ‘మొలాసెస్’లో రెండు ఎస్‌లు పక్కపక్కన వచ్చేచోట మొదటిది పొడుగ్గా, ఎఫ్ లాగా ఉంటుంది. నేను రెండ్రోజులు ‘మొలాఫ్సెస్’ అనే చదివాను. మొలాసెస్ అంటే చెరుకు పాకం, వెస్టిండీస్ నుంచి వచ్చేది. స్పెల్లింగులు చెవికి వినపడినట్టు రాసుకునేవాళ్లు, కాబట్టి పైకి చదివి చూడండి.

ఇక అసలు చిక్కు డబ్బు దగ్గర వస్తుంది. 1792 నుంచే చట్టం ప్రకారం డాలర్లు, సెంట్లు ఉన్నా, పల్లెల్లో నోటికి బ్రిటిష్ వాళ్ల కాలం నాటి షిల్లింగే వచ్చేది. షిల్లింగుకి 12 పెన్నీలు. ‘4/6’ అని ఉంటే నాలుగు షిల్లింగుల ఆరు పెన్నీలు. అయితే ఎక్కడి షిల్లింగు? మాసచూసెట్స్‌తో సహా న్యూ ఇంగ్లండ్ (ఈశాన్య మూల రాష్ట్రాలు) అంతా డాలరుకి 6, న్యూయార్క్‌లో 8, పెన్సిల్వేనియాలో ఏడున్నర. అదే మూడు షిల్లింగులు ఇక్కడ 50 సెంట్లు, న్యూయార్క్‌లో 37½, పెన్సిల్వేనియాలో 40. నేను చేసిన పొరపాటు ఇదే. న్యూయార్క్ లెక్క పట్టుకుని 4/6ని 75 సెంట్లకి బదులు 56¼ చేశాను. పేజీ కింద మొత్తం ఎంతకీ కలవదు. కొట్టాయన జనాన్ని ముంచేస్తున్నాడని వారం రోజులు ఆయన్ని తిట్టుకున్నాను పాపం. అందుకే ఊరు ఏ రాష్ట్రంలోదో తెలియకుండా కూడికలు మొదలుపెట్టొద్దు.

ధరల్లో 12½, 6¼ మాటిమాటికీ కనిపిస్తాయి. ఈ అరలూ పావులూ ఎందుకని ఇక్కడివాళ్లు జుట్టు పీక్కుంటారు గానీ, మన పెద్దవాళ్లని అడిగితే క్షణంలో చెప్తారు. రూపాయిలో ఎనిమిదో వంతు బేడ, పదహారో వంతు అణా. ఇక్కడ అప్పట్లో చేతులు మారిన వెండి నాణేల్లో చాలావరకు స్పెయిన్, మెక్సికోలవి. ఆ డాలరుకి ఎనిమిది రియళ్లు, అంటే రియల్ 12½ సెంట్లు, అచ్చంగా బేడ. అర రియల్ అణా. ఆ నాణేల చెలామణికి చట్టం 1857లో స్వస్తి చెప్పింది. మన దగ్గర నయా పైసలు వచ్చింది సరిగ్గా నూరేళ్లకి, 1957లో.

ధర కనపడగానే ఇవాళ్టి డాలర్లలోకి మార్చాలని చెయ్యి దురద పెడుతుంది. మార్చొద్దు. ఆ ధరని అదే పుస్తకంలోని ఇంకో వస్తువు పక్కన పెట్టండి. పాకం గ్యాలన్ 3 షిల్లింగులు, వెన్న పౌను షిల్లింగు అని ఉందనుకోండి, గ్యాలన్ పాకానికి మూడు పౌన్ల వెన్న. ఆ వెన్న ఎవరు చిలికారు? ఇంటావిడ. పద్దు ఎవరి పేరున? ఇంటాయన పేరున. పెళ్లయిన ఆడవాళ్లు తమ పేరున ఒప్పందాలు చేసుకోవడానికి అప్పటి చట్టం ఒప్పుకునేది కాదు. అందుకే ‘మీ భార్య ద్వారా’ అన్న చిన్న మాట ఎక్కడుందో వెతకండి. సొంత పేరున ఖాతా ఉన్న ఆడవాళ్లు ఎక్కువగా వితంతువులే. వెన్న, గుడ్లు, జున్ను ఒకెత్తయితే, పొయ్యిలో బూడిద కూడా జమకి పనికొచ్చేది. దాన్నుంచి పొటాష్ తీసి సబ్బుకీ గాజుకీ వాడేవాళ్లు. చిరిగిన గుడ్డ పేలికలు కాగితం మిల్లుకి పోయేవి. చేతికి నగదు వచ్చిన పద్దు కనపడితే ఆగి చూడండి, అది అరుదు.

కూలీ పద్దులు కూడా విడిగా రాసుకోండి. గడ్డికోతల రోజుల్లో రేటు పెరుగుతుంది, చలికాలంలో పడిపోతుంది. కాబట్టి నెల రాయకుండా రేటు రాస్తే దండగ.

దూరం కూడా రాసుకోండి. బఫెలోని న్యూయార్క్ వైపు పోయే హడ్సన్ నదితో కలిపే ఈరీ కాలువ 1825లో పూర్తి కాకముందు బఫెలో నుంచి న్యూయార్క్‌కి టన్ను సరుకు చేరాలంటే దాదాపు 100 డాలర్లు, తర్వాత దాదాపు 10. లోపలి పల్లెలో గోధుమ బుషెల్ ధర, రేవు ధర ఎందుకంత తేడానో దీంతోనే అర్థమవుతుంది. బుషెల్ అంటే మన కుంచంలాగా కొలత, తూకం కాదు. గోధుమలైతే సుమారు 60 పౌన్లు తూగుతుంది. మీ పుస్తకంలో 1816 ఉంటే మీ అదృష్టం. ఆ ఏడు ఈ ప్రాంతంలో జూన్, జూలై, ఆగస్టుల్లో కూడా మంచు పడి మొక్కజొన్న పోయింది. 1819 ఉంటే ధరలు కుప్పకూలడం కళ్లారా చూడొచ్చు. నాది ఆ తర్వాత మొదలవుతుంది, ఏం చేస్తాం.

నాలాగా చిట్టా ఒక్కటే దొరికిన వాళ్లు ఆవర్జాని సొంతంగా తయారు చేసుకోవాలి. ఎక్సెల్‌లో తేదీ, పేరు, తెచ్చింది ఎవరు, సరుకు, కొలత, పుస్తకంలో ఉన్న ధర ఉన్నట్టే, సెంట్లలో ధర, జమా బాకీనా, ఇన్ని గడులు చాలు. పుస్తకంలోని ధర గడిని మాత్రం దిద్దకండి, తప్పున్నా సరే. తర్వాత పేరువారీగా వడగడితే ఒక్కో కుటుంబం ఏడాది అంతా కనిపిస్తుంది. ఏడాదికోసారి ఇద్దరూ కూర్చుని ‘లెక్క చూసుకుని తీర్చుకున్నాం’ అని రాసి సంతకాలు పెట్టేవాళ్లు. రాయడం రానివాళ్లు నిశాని గీసేవాళ్లు.

నిన్న ఒక వితంతువు పేరు వడగట్టాను. టీ, సూదులు, అరపౌను అల్లం బాకీలో ఉన్నాయి. జమలో బాతు ఈకలు రెండు పౌన్లు. ఎనిమిది సెంట్లు తేడా వస్తోంది, పద్దు మీద గీత లేదు. వచ్చే శనివారం అటక మీది మిగతా పెట్టెలు విప్పాలి.